గంటస్తంభం మీంచి పడే విధానం

1983లో వచ్చిన హాంకాంగ్ సినిమా ‘ప్రాజెక్ట్ ఏ’లో జాకీ చాన్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడి, చెయ్యి జారి, రెండు గుడ్డ పందిళ్లు చించుకుంటూ నేల మీద పడతాడు. కథ అతుకుల బొంతే. బార్‌లో కోస్ట్‌గార్డుకీ పోలీసులకీ కొట్లాట, మధ్యలో తుపాకుల దొంగరవాణా, చివర్లో సముద్రపు దొంగలు. మూడు సినిమాలకి ఒకటే టికెట్టు. సగంలో కథ ఎటుపోయిందో ఎవరికీ పట్టదు. ఆ పడడమొక్కటే చాలు, డబ్బులు గిట్టిపోతాయి. పైగా వేరే టేకుతో రెండోసారి కూడా పడేసి చూపిస్తారు, అనుమానం ఉన్నవాళ్ల కోసం.

అదే సీను మనవాళ్లు విజయనగరం గంటస్తంభం దగ్గర తీస్తే ఎలా ఉంటుందో సవినయంగా మనవి చేస్తాను. హీరో చెయ్యి. గడియారం. హీరో బూటు. పావురం. కింద కూరల బుట్టతో నోరు తెరిచిన బామ్మ. మళ్లీ బూటు, ఈసారి స్లోమోషన్‌లో. ఆకాశం. గుడ్డ చిరిగిన చప్పుడు (చప్పుడే, గుడ్డ లేదు). బామ్మ ఏడుపు. ఆ తర్వాత లేచి నిలబడి నల్లకళ్లద్దాలు సర్దుకుంటున్న హీరో. ముందు వరసలో ఒకాయన పక్కాయన్ని అడుగుతాడు:

“ఏటి బావూ, పడిపోనాడా?”

“పడినట్టే ఉన్నాడు బావూ. ముసల్ది ఏడుస్తంది గదా!”

తెర మీద సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. అందులో ఒక్కో ముక్కకి ఎనిమిది ఇస్తే సెకనులో మూడో వంతు. ఎవరు ఎటున్నారో కన్ను పోల్చుకునేలోపే షాటు వెళ్లిపోతుంది. హాంకాంగ్ వాళ్లూ కత్తిరించేవారు, కాదనం. కానీ తన్నిన కాలూ తిన్న మొహమూ ఒకే ఫ్రేములో ఉంచేవారు. కట్ చెయ్యాల్సివస్తే తర్వాతి షాటులో ఆ కదలికని రెండు మూడు ఫ్రేములు వెనక్కి జరిపి అందుకునేవారు. వేగం కావాలంటే 22 ఫ్రేముల దగ్గర తీసి 24 దగ్గర ఆడించేవారు. దెబ్బ కనపడాలని చొక్కా మీద పౌడరు చల్లేవారు. అన్నీ మోసాలే. అయితే ఆ మోసం చెయ్యాలన్నా ముందు కాలు లేపడం రావాలి.

మన హీరోగారి కాలు నడుం దాటదు. దాటేది డూపుది. డూపు మొహం కనపడకూడదు గనక వీపు ఒక ముక్క, హీరో మొహం ఒక ముక్క. పిడికిలికీ దవడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటే కెమెరాని దెబ్బ తినేవాడి వెనక పెడితే తెలియదు. పక్కనుంచి పెట్టి దొరికిపోతారు, ఆ జానెడూ ఎడిటర్ పూడ్చాలి.

వీరఘట్టం మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న విద్య వీళ్ల చేతుల్లో పడితే ఏనుగు పాదం ఒక షాటు, తల్లి కన్నీరు ఒక షాటు, ఛాతీ గ్రాఫిక్స్. విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను అనే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారిని కోట దాకా మూడుసార్లు తిప్పుతారు, ఒక్క కట్టు లేకుండా. అది మెడలెత్తి చూసే జనానికా బూటూ పావురమూ!

సరే, పడేవాడి సంగతేమిటి? గుడ్డ సరైన క్షణంలో చిరగకుండా కాలు తగులుకుంటే ఒళ్లు తలకిందులై మెడ మీద పడతాడు. జాకీ తన సినిమాల చివర పేర్లతో పాటు అలాంటి పొరపాట్లనే వేసి చూపించేవాడు. మన ఫైటరు ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపు వేసుకుని పడతాడు. పెట్టెల మధ్య సందు మిగిలితే నడుము పోతుంది. అంత చేశాక అతని మొహం తీసేస్తారు, పడిన పాటూ తీసేస్తారు. సీను మొత్తం మీద నిజంగా జరిగింది అదొక్కటేనయ్యా! దాన్నే కత్తిరించి పారేసి బామ్మని ఉంచుతారా? సిగ్గుండాలి. అతని పేరు తెరమీదికి వచ్చేసరికి హాలు తలుపులు బార్లా తీసేసి ఉంటాయి.

పావురానికి మాత్రం సినిమా మొదట్లోనే హామీపత్రం వేస్తారు, ఏ జంతువుకీ పక్షికీ హాని చెయ్యలేదని. డూపుకి ఎన్ని కుట్లు పడ్డాయో చెప్పే కార్డు ఇంకా అచ్చుకి వెళ్లలేదు.