సవరణ: పాప్ స్మియర్ ఏటా అక్కర్లేదు, నెలసరి ఆగాక మానకూడదు

పెళ్లయినవాళ్లంతా ఏటా పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి క్యాన్సర్ సూచనలున్నాయేమో చూసే పరీక్ష) చేయించుకోవాలని, నెలసరి ఆగాక ఆ పరీక్షతో పని లేదని మొన్న రాశాను. రెండూ తప్పే. అది చదివి మా పిన్ని "హమ్మయ్య, నాకిక తప్పింది" అని ఫోన్ చేసింది. ఆమెకు 56. అప్పుడుగానీ నేనేం రాశానో నాకు తట్టలేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే జబ్బు. అందుకే పాప్ స్మియర్ మామూలుగా వచ్చినవాళ్లకు మూడేళ్లకోసారి చాలు. ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్షయితే 30 ఏళ్ల నుంచి 5-10 ఏళ్లకోసారి చేయించుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 నుంచే, ఇంకా తరచుగా చేయించుకోవాలి.

మన ప్రభుత్వ కార్యక్రమంలో 30-65 ఏళ్లవారికి ఐదేళ్లకోసారి వీఐఏ అనే పరీక్ష ఉంది. వెనిగర్ లాంటి ద్రావణాన్ని గర్భాశయ ముఖద్వారానికి దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ తేలిందా అని చూస్తారు, అంతే. రిపోర్టు ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్ ఉండదు. కాకపోతే నెలసరి ఆగినవాళ్లలో ఇది అంత నమ్మకంగా పనిచేయదు. పిన్నికి అందుకే హెచ్‌పీవీ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగమన్నాను.

హెచ్‌పీవీ టీకా వేయించుకున్నా పరీక్షలు మానకూడదు.

ఈ గడువులన్నీ ఏ ఇబ్బందీ లేనివాళ్లకే. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తస్రావమైనా, గడువు లెక్కలు చూసుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పాత పోస్టులోని ఆ రెండు తప్పు వాక్యాలు తీసేశాను.