పన్నెండంగుళాల సబ్‌వూఫరా, పడకగది కొలతలా?

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ పడకగది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. టీవీ చుట్టూ 5.1 హోమ్ థియేటర్, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. బేస్‌ను, అంటే లోతైన స్వరాలను, మోగించే ఆ 8 అంగుళాల సబ్‌వూఫర్ బీరువా పక్క మూలలో ఉంది. దాన్ని తీసేసి 12 అంగుళాలది కొంటానని బావ పట్టుబట్టాడు. బావమరిది రవి వద్దంటున్నాడు.

బావ: 40 వేలు పక్కన పెట్టాను రవీ. ఈ డబ్బాతో ఇక వేగలేను. డప్పు దెబ్బ గుండెకు తగలాలి. ఇక్కడేమో ఒక దెబ్బకు గదంతా హోరెత్తుతుంది, తర్వాతి దెబ్బ ఎటు పోయిందో తెలియదు.

రవి: జవాబు మీ మాటలోనే ఉంది బావా. సబ్‌వూఫర్‌కు సత్తా లేకపోతే అన్ని దెబ్బలూ నీరసంగానే వినిపించాలి. ఒకటి హోరెత్తి ఇంకొకటి మాయమైతే ఆ పని గదిది.

బావ: గది సంగతి నేనూ చూశాను. గోడలకు రెండంగుళాల ఫోమ్ పలకలు అంటించాను. బేస్ వీసమెత్తు మారలేదు. గదే కారణమైతే మారాలి కదా?

రవి: ఫోమ్ చప్పట్ల ప్రతిధ్వనిని మింగుతుంది, మాటలు కాస్త తేటపడతాయి. 50 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 50 సార్లు కంపించేది, దాని తరంగం పొడవు 22 అడుగుల పైమాటే. దాన్ని రెండంగుళాల ఫోమ్ ఏం ఆపుతుంది? అసలు చిక్కు ఈ గది కొలతల్లో ఉంది. శబ్దం సెకనుకు సుమారు 1125 అడుగులు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో, అంటే 24తో భాగించండి. 47 హెర్ట్జ్ వస్తుంది, ఈ పొడవులో ఎక్కువగా ఊగే స్వరం అదే. వెడల్పుకు 20తో భాగిస్తే 56. ఎత్తు కూడా పదే కనుక అక్కడా 56. డప్పు, బేస్ గిటార్ తిరిగే చోటే ఇవన్నీ. తొట్టిలో నీళ్లను ఊపితే అంచుల దగ్గర ఎగసిపడతాయి, నడుమ మట్టం దాదాపు అలాగే ఉంటుంది. ఈ స్వరాలు గోడల మధ్య చేసేదీ అదే. మీ మంచం తలవైపు గోడకు ఆనుకుని ఉంది. దిండ్లకు చేరగిలబడి కూర్చుంటే చెవులకూ గోడకూ మధ్య అడుగు దూరం కూడా ఉండదు, అక్కడ 47 పొంగుతుంది. వెడల్పు చూస్తే సరిగ్గా నడుమ కూర్చుంటారు, వెడల్పు వల్ల వచ్చే 56 అక్కడ అందదు, అక్కడ గొయ్యి పడుతుంది. పైగా సబ్‌వూఫర్ మూలన ఉంది. మూల అన్నింటినీ ఒకేసారి రేపుతుంది. 12 అంగుళాలది తెచ్చి అదే మూలన పెడితే హోరు పెరుగుతుంది, గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది.

బావ: స్పీకర్లన్నింటినీ నడిపే రిసీవర్‌తో వచ్చిన మైకు పెట్టి సరిచేశాను కదా!

రవి: అది పొంగును తగ్గించగలదు. తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోట ఎంత శక్తి పోసినా అంతా రద్దవుతుంది. పైగా అది మీ చిన్న స్పీకర్లను పెద్దవిగా లెక్కగట్టి వదిలేసింది. రిసీవర్ సెట్టింగుల్లో వాటిని చిన్నవిగా మార్చి, 80 హెర్ట్జ్ కంటే కిందిదంతా సబ్‌వూఫర్‌కు పంపండి. సబ్‌వూఫర్ వెనక, అది ఎన్ని హెర్ట్జ్ దాకా మోగాలో తేల్చే క్రాసోవర్ మరను ఎక్కువ వైపు చివరికంటా తిప్పేయండి, లేకపోతే ఒకే పని రెండు చోట్ల జరుగుతుంది.

బావ: సరే, ఇప్పుడు నా లెక్క విను. సినిమాలో పేలుడు 25 హెర్ట్జ్ దాకా దిగుతుంది. హెర్ట్జ్ సగమైతే అదే గట్టిదనానికి నాలుగింతల గాలి నెట్టాలి. గాలిని నెట్టేది స్పీకర్‌లో ఊగే కోను. 12 అంగుళాల కోను వైశాల్యం ఎనిమిదంగుళాల దానికి రెండింతలకు పైనే. నీ గది కొలతలతో ఈ లెక్క మారుతుందా?

రవి: మారదు. ముప్పైకి కింద మోత కావాలంటే పెద్ద కోను కావాల్సిందే. కానీ మీ ఫిర్యాదు డప్పు గురించి. ముందు మంచాన్ని గోడకు రెండడుగులు ఇవతలికి లాగుదాం.

బావ: మీ అక్క ఒప్పుకోదు. తల దక్షిణానికే ఉండాలంటుంది.

రవి: దిక్కు మార్చమనలేదు, జరపమన్నాను.

బావ: జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు. పోయిన దసరాకు వచ్చి హాల్లో సోఫా జరిపి వెళ్లావు. బాల్కనీ తలుపు ఇప్పటికీ సగమే తెరుచుకుంటోంది.

రవి: సోఫా జరపమన్నది అక్క!

బావ: అవునులే, ఈ ఇంట్లో ఏది ఎక్కడుండాలో మీరిద్దరే తేల్చుకుంటారు. నేను డబ్బు కడితే చాలు.

రవి: బీరువా మాట మీరే ఎత్తారు కనుక ఒకటి చెబుతాను. ఇందాక 47 హెర్ట్జ్ టోను మోగుతుంటే దాని తలుపు మీద అరచెయ్యి ఆనించాను. గరగర ఆగిపోయింది. చెయ్యి తీయగానే మళ్లీ మొదలైంది. సబ్‌వూఫర్ గొంతు చీలుతోందని ఏడాదిగా మీరు తిడుతున్నది ఆ ఇనుప రేకును. తలుపు సందులో రబ్బరు ముక్క పెడితే పోతుంది. మంచం కదలకపోతే సబ్‌వూఫర్‌నే కదుపుదాం. దాన్ని మంచం మీద, మీరు కూర్చునే చోట పెట్టి బేస్ ఎక్కువున్న పాట వేయండి. మోకాళ్ల మీద గోడల వెంబడి పాకుతూ వినండి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. మోగేదీ వినేదీ తారుమారైనా గది లెక్క ఒకటే.

బావ: ఎక్కడ పెట్టినా ఒక్క సబ్‌వూఫర్‌తో ఏదో ఒక గొయ్యి మిగులుతుంది. ఎదురెదురు గోడల నడిమధ్యన చెరొకటి పెడితే ఎక్కువ చోట్ల బేస్ సమంగా ఉంటుందని హర్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టి 2002లోనే చూపించాడు. అంటే విరుగుడు కొనడంలోనే ఉంది, పాకడంలో లేదు.

రవి: దానికి నేను కాదనను. గదిని దారికి తేవడానికి అంతకంటే మంచి ఖర్చు లేదు. కానీ అది రెండోది కొనమని చెప్పే మాట, పెద్దది కొనమని కాదు. ఇలాంటి ఎనిమిదంగుళాలదే ఇంకొకటి తెండి, నేనే వచ్చి బిగిస్తాను.

బావ: పేలుళ్లో?

రవి: వాటికి 12 అంగుళాలవి రెండు కావాలి. అప్పుడు కిందింటి వాళ్లకు మీరే సర్దిచెప్పుకోవాలి.

బావ: ఇవాళ్టికి పాకి చూద్దాం. కానీ కొనను అని మాత్రం నేను అనలేదు.

రవి: అనమని నేనూ అడగలేదు. సబ్‌వూఫర్‌ను అటువైపు పట్టుకోండి. ముందు ఆ బీరువా మీది ఇత్తడి బిందె దించాలి, అదీ మోగుతోంది.