చెట్టు కింది ఊరి సంగతీ చెప్పాలి

అమెరికాలో చాలామంది యూదుల పిల్లలు మామూలు బడికి వెళ్తూనే, ఆదివారాలు సినగాగ్‌లో (యూదుల ప్రార్థనాలయంలో) నడిచే హీబ్రూ స్కూలుకూ వెళ్తారు. 1838లో రెబెకా గ్రాట్జ్ అనే యూదు మహిళ ఫిలడెల్ఫియాలో ఇలాంటి ఆదివారం బడి పెట్టినప్పుడు అందులో చెప్పింది మత పాఠాలు. ఇజ్రాయెల్‌ను యూదుల స్వదేశంగా చెప్పే పాఠం తర్వాత వచ్చింది. 1885లో పిట్స్‌బర్గ్‌లో కూడిన రిఫార్మ్ రబ్బీలైతే (సంస్కరణవాద శాఖ మతగురువులైతే) తాము జాతి కాదు, మత సమాజమేనని, పాలస్తీనాకు తిరిగి వెళ్లే ఆశ లేదని తీర్మానించారు. నాజీల మారణకాండ తర్వాత ఆ మాట అనగలిగినవారు బహు కొద్దిమంది.

ఈ బడులకు దొరికేది వారానికి కొద్ది గంటలు. అక్షరాలు, ప్రార్థనలు, పదమూడేళ్లకు జరిగే బార్ మిత్స్వా అనే మత వేడుకకు తయారీ, వీటికే అది చాలదు. దాంతో ఇజ్రాయెల్ పాఠం జెండా, జాతీయ గీతం, నీలం డబ్బాతో ముగుస్తుంది. 1901లో పుట్టిన యూదు జాతీయ నిధి వారి ఆ డబ్బాలో పిల్లలు చిల్లర వేస్తే అక్కడ చెట్లు నాటుతారు, పిల్లల పేరున సర్టిఫికెట్ వస్తుంది. ఎన్నడూ చూడని నేల మీద పసివాడికి మమకారం కలిగించే పద్ధతి ఇది. దేశదేశాల నుంచి తరిమివేతకు గురైన సమాజం ఆ మమకారాన్ని పిల్లలకు అందించడాన్ని మేము తప్పుపట్టం.

అయితే జెరూసలేంకు పడమట లాత్రూన్ అనే చోటి దగ్గర కెనడా పార్కు ఉంది. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం ఇమ్వాస్, యాలో గ్రామాల పాలస్తీనియన్లను వెళ్లగొట్టి ఇళ్లు నేలమట్టం చేసింది. ఆ నేల మీద ఇదే నిధి, కెనడా యూదుల విరాళాలతో, ఈ పార్కును పెంచింది. అంతకుముందు, ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 నాటి యుద్ధంలో ఇల్లూవాకిలీ కోల్పోయిన పాలస్తీనియన్లు సుమారు 7 లక్షలు. చెట్టుకు డబ్బు అడిగినవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. బడి చెప్పకపోతే కాలేజీకి వెళ్లాక ఫోన్‌లో తెలుస్తుంది. అప్పుడు ఆ పిల్లలకు తమ పెద్దలు దాచారన్న కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదే.

చిన్నపిల్లలకు ఇంత టెన్షన్ ఎందుకని కొందరు తల్లిదండ్రులు అంటారు. ఆరేళ్లవాడికి అక్కర్లేదు, నిజమే. పన్నెండేళ్లకు మాత్రం అర్థమవుతుంది. విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులు నడిపే మనవాళ్లు కూడా సంక్రాంతి ముగ్గులతో పాటు ఊళ్లో కులం గురించి ఎప్పుడు చెప్పాలో ఆలోచించుకోవాలి.

బార్ మిత్స్వా ఏడాదిలోనైనా కొన్ని తరగతులు ఈ చరిత్రకు కేటాయించాలి. పాలస్తీనియన్లు రాసుకున్న జ్ఞాపకాలను చదివించాలి. పార్ట్‌టైమ్‌గా వచ్చే టీచర్లను పిల్లల ప్రశ్నల ముందు ఒంటరిగా వదిలేయకుండా శిక్షణ ఇప్పించాలి. ఆ ఖర్చు భరించాల్సింది సినగాగ్ కమిటీలే.