బరువు వెనకుండాలి బావా

డాలస్‌లో తెలుగువాడికి ఇల్లు కొన్న కొన్నేళ్లకి పొలం మీద మనసు పోతుంది. మా బావకి కాస్త ముందే పోయింది. ప్రాస్పర్ దాటి ఉత్తరానికి వెళ్తే కనబడే నల్లరేగడి చూసి, "అచ్చం మా పెదనందిపాడు నేలేరా!" అని రెండెకరాల్లో ఇల్లు కొనేశాడు. అన్న మాట అబద్ధం కాదు. ఎండితే బీటలు, తడిస్తే చెప్పులు అక్కడే వదిలేసి రావాలి. గోంగూర తప్ప మరేదీ సుఖంగా మొలవటం లేదని, ఎత్తు మడులు కట్టి బయటి మట్టి పోయిద్దామనుకున్నాడు. మట్టి మోయడానికి, ముందు వైపు మట్టి ఎత్తే బకెట్ ఉన్న పాత గార్డెన్ ట్రాక్టరు ఒకటి కొన్నాడు. లాన్ కోసుకునే బండికి అన్న, పొలం ట్రాక్టరుకి మనవడు అన్నమాట.

అమ్మినాయన తాళాలిస్తూ "వెనక బరువు పెట్టుకో" అన్నాడట. బావ అది "జాగ్రత్తగా వెళ్లిరా" లాంటి మర్యాద మాట అనుకుని థాంక్స్ చెప్పి వచ్చేశాడు.

లారీవాడు మట్టి గుట్ట పోసి వెళ్లాడు. బావ బకెట్ నిండా తడి మట్టి తీసుకున్నాడు. కింద పెట్టుకుని నడిపితే ఎవరికీ కనబడదనుకున్నాడో ఏమో, ముఖమంత ఎత్తుకి లేపాడు. దొడ్డి వాలులో దిగుతూ బ్రేకు తొక్కాడు. ఆ బండికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వెనక చక్రాలు ఆ సమయానికి నేల మీద లేవు.

మావయ్యగారు, అంటే బావ వాళ్ల నాన్న, నీడలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నారు. "దించరా అబ్బాయ్, బకెట్టు దించు!" అని అరిచారు. బావ దించాడు. మట్టి మొత్తం అక్క వేసిన టమాటా నారు మీద పడింది, వెనక చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి. సీటు కింద ఏదో 'కటుక్కు'మంది. అది ట్రాక్టరుదేనని బావ ఇప్పటికీ అంటాడు గానీ, ఆ వారమంతా ఆఫీసు మీటింగులన్నీ నిలబడే చేశాడు.

"నూతిలో నీళ్లు తోడే ఏతాం చూశావా ఎప్పుడైనా?" అన్నారు మావయ్యగారు నాతో. "ముందు చక్రాల ఇరుసు పంగలకర్ర అనుకో. బకెట్టు దానికి ముందుంది. బానలో నీళ్లు పడితే దూలం ముందుకి వంగదూ? అందుకే వెనక కొసకి రాయి కడతాం. వీడు రాయి లేకుండా ఏతాం తొక్కాడు."

ఇంత తేలిగ్గా చెప్పిన మాటని ఆదివారం భోజనానికి వచ్చిన స్నేహితులు సాయంత్రం దాకా నమిలారు. అందరూ ఇంజినీర్లే, ఒక్కరూ మెకానికల్ కాదు. ఒకాయన చక్రాలకి ఇనప పళ్లేలు బిగించమన్నాడు. ఇంకొకాయన టైర్లలో నీళ్లు పట్టించమన్నాడు. 2021 ఫిబ్రవరిలో డాలస్ మైనస్ 19 డిగ్రీలకి పోయినప్పుడు ఇంటి పైపులు పగిలిన మూడో ఆయన, నీళ్ల మాట ఎత్తగానే కంగారుపడ్డాడు. మావయ్యగారు మధ్యలో, మన ఊళ్లో దుక్కి దున్నేటప్పుడు బండి ముందు లేస్తుంది కాబట్టి ఇనప దిమ్మలు ముందు పెడతారనీ, ఇక్కడ బకెట్టు కాబట్టి వ్యవహారం తిరగబడిందనీ చెప్పబోయారు. ఎవరూ వినలేదు. ప్లేట్లలో పులిహోర చల్లారుతుంటే పేపర్ నాప్కిన్ల మీద లెక్కలు వేశారు.

ముందుగా ప్రయోగించింది సోనా మసూరి. ఇరవై పౌన్ల సంచులు నాలుగు తాడుతో వెనక కట్టారు. అక్క వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, సంచులు విప్పి ఒక్కొక్కటే లోపలికి మోసుకుపోయింది. అప్పుడు బావ చూపు నా మీద పడింది. "నువ్వెంతుంటావురా?" అన్నాడు ప్రేమగా. తొంభై రెండు కిలోలు ఉన్నందుకు జీవితంలో నన్నెవరూ అంత గౌరవంగా చూడలేదు. వెనక మనుషుల్ని నిలబెడితే జారి చక్రం కింద పడతారని మావయ్యగారు కర్ర ఎత్తబట్టి బతికిపోయాను.

ఇక కాంక్రీటు. బావ యాభై అయిదు గ్యాలన్ల డ్రమ్ము సంపాదించి, నడుమ ఇనప కొక్కెం నిలబెట్టి, ఎనభై పౌన్ల బస్తాలు పన్నెండు కలిపి పోశాడు. ఎక్కడ పోశాడు? గరాజులో, అక్క కారు పెట్టుకునే చోట. వాన పడితే పాడవుతుందని. గట్టిపడ్డాక దాని బరువు వెయ్యి పౌన్లు దాటింది. ట్రాక్టరు బరువూ ఇంచుమించు అంతే.

ట్రాక్టరు వెనక పనిముట్లు తగిలించే లింకులకి కొక్కెం తగిలించి లివరు ఎత్తాడు. హైడ్రాలిక్ కుయ్యోమంది. డ్రమ్ము చలించలేదు. సరే, కనీసం బయటికి లాగుదామని కిందుగా గొలుసు కట్టి ముందుకి పోనిచ్చాడు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గరాజు నేల మీద రెండు నల్లటి గీతలు గీశాయి. ఎందుకు పట్టు దొరకలేదంటే వెనక బరువు లేదు కాబట్టి. ఆ బరువంతా డ్రమ్ములో ఉంది. డ్రమ్ము కదలాలంటే వెనక బరువుండాలి, వెనక బరువుండాలంటే డ్రమ్ము కదలాలి. బావ దిగి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు.

"ఆఫీసులో ఈయన పనే లోడ్ బ్యాలెన్సింగ్" అంది అక్క వంటింటి గుమ్మంలోంచి, ఎవరితోనో ఫోన్‌లో.

చివరికి టైర్ల షాపువాడు వచ్చి వెనక టైర్లలో చక్కెర దుంపల రసం ఎక్కించాడు. నిజం, బెల్లప్పాకం రంగులో ఉంటుంది. లీటరు కిలోం పావు పైనే తూగుతుంది, ఇక్కడి చలికి గడ్డకట్టదు, కొందరు టైర్లలో పోయించే క్యాల్షియం క్లోరైడు ఉప్పునీళ్లలా రిమ్ముని తినెయ్యదు. ముప్పాతిక వంతు నింపితే రెండింట్లో కలిపి వంద కిలోలకి పైగా పట్టింది. "దుంపకూర చేస్తే పళ్లెం పక్కకి తోసేస్తాడు, టైర్లకి మాత్రం డబ్బులిచ్చి పోయించాడు" అని అక్క రసీదు రెండుసార్లు చదివింది.

అదొక్కటే చాలదన్నారు మావయ్యగారు. టైర్లో బరువు వెనక ఇరుసు దగ్గరే ఉండిపోతుంది, ఏతానికి రాయి కొసకి కట్టినట్టు ఇరుసుకి వెనగ్గా వేలాడితేనే ముందు చక్రాల మీద భారం తగ్గుతుందని, హైడ్రాలిక్ ఎత్తగలిగినంత చిన్న పెట్టె ఒకటి లింకులకి తగిలించి ఇసక పోయించారు. ఇప్పుడు బకెట్ నేలకి జానెడు ఎత్తులో పెట్టుకుని, బావ బుద్ధిగా మట్టి తోలుతున్నాడు. టమాటా నారు మళ్లీ వేశారు.

డ్రమ్ము గరాజులోనే ఉంది. అక్క కారు బయట వడగళ్లకి భయపడుతూ ఉంది. మొన్న దసరాకి ట్రాక్టరుకి బొట్టు పెడుతూ మావయ్యగారు డ్రమ్ముకి కూడా పెట్టారు, ఇంట్లో అంత బరువైన వస్తువు మరొకటి లేదని. ఆ సాయంత్రం బావ నన్ను పక్కకి పిలిచి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. నాలుగు చక్రాలూ లాగే పెద్ద ట్రాక్టరు, ఇంకా పెద్ద బకెట్టు.

"దీనికైతే ఆ డ్రమ్ము సరిగ్గా సరిపోతుందిరా" అన్నాడు. "వెనక బరువు ఎలాగూ మన దగ్గర ఉంది. ట్రాక్టరొక్కటే కొనాలి."