సవరణ: ఫిడిల్ లీఫ్ ఫిగ్‌కి నీళ్ల లెక్క

పోయిన పోస్టులో, ఇళ్లలో కుండీల్లో పెంచే పెద్దాకుల మొక్క ఫిడిల్ లీఫ్ ఫిగ్‌కి వారానికోసారి నీళ్లు, రోజూ ఆకుల మీద స్ప్రే అని ఉంది. ఆ రెండు ముక్కలూ కొట్టేసి ఇది చదువుకోండి.

ఇది పశ్చిమ ఆఫ్రికా వర్షారణ్యాల చెట్టు, మన మర్రి, రావి, మేడిలకు చుట్టమే. వానల అడవి నుంచి వచ్చింది కదా అని వేళ్లు నీళ్లలో నానితే మాత్రం ఊరుకోదు. వారం లెక్క వద్దు. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడండి, పొడిగా తగిలితేనే కుండీ అడుగు నుంచి కారేదాకా పోయండి. పళ్లెంలో నిలిచింది పారబోయండి. వైజాగ్‌లో ముసురు పట్టిందంటే మట్టి ఓ పట్టాన ఆరదు, మే నెలలో చూస్తుండగానే ఎండిపోతుంది.

ఇక స్ప్రే శుద్ధ దండగ. గాల్లో తేమకి మనకేం కరువు? బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్సే తుప్పు పడుతుంటే! ఏసీ గదిలో గాలి పొడిబారే మాట నిజమే, కానీ చల్లిన నీళ్లు కాసేపట్లోనే ఆరిపోతాయి. ఏసీ గాలి నేరుగా తగలని చోటికి జరపడం మేలు. సముద్రం వైపు బాల్కనీలో ఉంటే ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవండి.

ఆకుల మీద మచ్చల సంగతి కొందరు అడిగారు. అంచుల్లో లేత గోధుమ రంగులో, ముట్టుకుంటే పెళపెళలాడితే సాధారణంగా దాహం. ముదురు రంగులో, కింది ఆకుల్లో మొదలై లోపలికి పాకితే వేళ్లు కుళ్లుతున్నాయేమో మొక్కని కుండీలోంచి బయటికి తీసి చూడాలి. మెత్తబడిన వేళ్లు కత్తిరించి కొత్త మట్టిలో నాటండి. కోసిన చోట కారే పాలు తగిలితే దురద పుడుతుంది. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే ఆకులు నమలకుండా చూసుకోండి.