నాచు క్యాప్సూల్ సరే, బీపీ మాత్ర ఎందుకు మానాలి?

బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలన్న భయం మన ఇళ్లలో ఎంతుందంటే, 'సహజం' అని రాసిన సీసా ఏది కనబడినా చెయ్యి అటే పోతుంది. ఆ వరసలో ఇప్పుడు సముద్రపు నాచు వచ్చింది: దాని క్యాప్సూల్ వేసుకుంటే బీపీ తగ్గుతుందని, ఇక మాత్ర మానేయొచ్చని మాట.

నాచుతో బీపీ తగ్గుతుందన్నది ఉత్త ప్రచారమేమీ కాదు. జపాన్‌వాళ్లు సూపుల్లో వేసుకునే వకామే నాచు ప్రొటీన్‌ను ఎంజైములతో విడగొడితే చిన్న పెప్టైడ్లు వస్తాయి, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారుచేసే ఏసీఈ అనే ఎంజైమును అవి కొంతవరకు అడ్డుకుంటాయి. మన డాక్టర్లు రాసే ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మాత్రలు చేసే పనీ అదే. మన కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కూడా కడల్‌మిన్ పేరుతో నాచు నుంచి బీపీ క్యాప్సూల్ తెచ్చింది.

పేచీ అంతా ఎంత తగ్గిస్తుందన్న దగ్గరే. మనుషుల మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి, తగ్గిందీ కొద్ది పాయింట్లే. 170/100 ఉన్న మనిషికి అది ఏ మూలకు? అయినా మనం కెమికల్ అని తిట్టుకునే మాత్రల పుట్టుక మాత్రం ఎక్కడ? 1981లో అమెరికాలో అనుమతి పొందిన ఇదే రకం బీపీ మాత్ర క్యాప్టోప్రిల్‌కు దారి చూపింది బ్రెజిల్ పాము విషం.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, కొంబు రకం ఎండు నాచు ఒక్క గ్రాములోనే అది పది రెట్లు దాటొచ్చు. థైరాయిడ్ ఉన్నవాళ్ల సంగతేంటి? పొటాషియం కూడా తక్కువేం కాదు. రామిప్రిల్‌, టెల్మిసార్టన్‌ లాంటి బీపీ మాత్రలు వాడుతూ కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పొచ్చు. డాక్టరు "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అంటే మాత్రం "లేదండీ" అనేస్తాం, నాచు పొడి మన లెక్కలో మందు కాదు మరి.

రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది డబ్ల్యూహెచ్‌ఓ. మన కంచంలో చూస్తే ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, పక్కనే నాచు క్యాప్సూల్! చైనాలో 600 గ్రామాల్లో, పక్షవాతం వచ్చినవాళ్లకూ బీపీ ఉన్న పెద్దవాళ్లకూ పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. నాచు మీద అంత పెద్ద పరీక్ష లేదు. (కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఆ ఉప్పూ పనికిరాదు.)

కొనాలనుకుంటే సీసాను డాక్టరుకు చూపించి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు), పొటాషియం, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది మీ బీపీ రీడింగులు చూసి డాక్టరే చెప్తారు.