నీతికి పుట్టిల్లు ఏది? చర్చా నిర్వాహకులకు సూచనలు

మనిషికి నీతి దేవుడిచ్చాడా, పుట్టుకతోనే వచ్చిందా అన్న చర్చ పెట్టదలచినవారికి ముందుగా అభినందనలు. సరంజామా పెద్దగా అక్కర్లేదు. ఒక భక్తుడు, ఒక నాస్తికుడు, ఇద్దరి మాటలోనూ సత్యం ఉందని చివర్లో చెప్పడానికి ఒక అధ్యక్షుడు, రెండు మైకులు, గంటన్నర సమయం చాలు. ఎక్కడ తేలిపోతుందోనన్న బెంగ పెట్టుకోకండి. సోక్రటీసు ఈ ముడి వేసి దాదాపు 2400 ఏళ్లయింది. ఇంకా బిగుతుగానే ఉంది.

ప్రమాదం ఒక్కటే. నీకు చేస్తే నొచ్చేది ఎదుటివాడికి చేయకు అనే మాట. కన్ఫ్యూషియస్ చెప్పాడు. ఒంటికాలి మీద నిలబడి ఉన్నంతసేపట్లో ధర్మశాస్త్రమంతా నేర్పమన్నవాడికి యూదు గురువు హిల్లెల్ ఇదే చెప్పి పంపాడు. తిక్కన ఒక్క కందంలో సర్దేశాడు. సభలో ఎవరైనా దీన్ని ఎత్తితే భక్తుడూ నాస్తికుడూ కూడబలుక్కున్నట్టు తలూపుతారు. ఇక మాట్లాడటానికేం మిగలదు. అందుకని అధ్యక్షుడు చటుక్కున అందుకుని, ‘ఇంతకీ ఇది ముందు చెప్పింది ఎవరు?’ అనాలి. అక్కడి నుంచి అరగంటకు ఢోకా లేదు.

మొదటి మైకు భక్తుడికివ్వండి. ‘పైనుంచి చూసేవాడు లేకపోతే మనిషిని ఆపేదెవరు?’ అంటాడు. నాస్తికుడు లేచి, ‘అంటే తమరు ఇన్నాళ్లూ హత్యలు చేయనిది భయపడేనా?’ అంటాడు. చప్పట్లు. (ఈ రెండు మాటలూ ఏ సభలోనైనా ఇదే వరుసలో రావాలి. మారితే శ్రోతలు కంగారు పడతారు.) అప్పుడు సోక్రటీసు ముడి బయటికి తీయాలి: మంచిది కాబట్టి దేవుడు చేయమన్నాడా, చేయమన్నాడు కాబట్టి మంచిదయిందా? మొదటిదంటే, మంచి అనేది దేవుడి మాటకన్నా ముందే ఉన్నట్టు. రెండోదంటే, రేపు దొంగతనం చేయమన్నా అది పుణ్యమే. చదువుకున్న భక్తుడు దీనికి తడుముకోడు. మంచితనం దేవుడి స్వభావమే, ఆజ్ఞ అందులోంచే వస్తుంది అంటాడు. జవాబు గట్టిదే. ఆ స్వభావం మంచిదని మనం ఏ కొలతతో పోల్చుకున్నామన్న సంగతి మాత్రం అలాగే ఉండిపోతుంది. నాస్తికుడు అది అడగడు. అప్పటికే ఆయన కోతుల దగ్గరికి వెళ్లిపోయి ఉంటాడు.

కోతుల కథ 2003 నాటిది. సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్తలు కాపుచిన్ కోతులకు ఒక పని నేర్పారు: చేతిలో పెట్టిన బిళ్ల తిరిగిస్తే దోసకాయ ముక్క. అంతవరకు బాగానే ఉంది. అదే పనికి పక్క కోతికి ద్రాక్షపండు దక్కడం చూశాక చాలాసార్లు దోసకాయను కాదన్నాయి, ఒక్కోసారి విసిరికొట్టాయి. చూశారా, న్యాయబుద్ధికి గుడి అక్కర్లేదు అంటాడు నాస్తికుడు. తనకు తగ్గినప్పుడు న్యాయం గుర్తుకు రావడం పెద్దల సభల్లోనూ చూస్తున్నదే కనుక పోలిక కుదిరింది. ద్రాక్ష దొరికిన కోతి ఏం చేసిందని మాత్రం ఎవరూ అడగకుండా చూసుకోవాలి. మగసింహం కొత్త గుంపులో చేరగానే పాత సింహం పిల్లల్ని చంపుతుందన్న విషయం కూడా దాచిపెట్టండి. అదీ ప్రకృతే. లోకంలో ఇలా ‘ఉంది’ అన్న మాట నుంచి ఇలాగే ‘ఉండాలి’ అన్న మాటకు జనం చెప్పాపెట్టకుండా దూకేస్తారని తత్వవేత్త హ్యూమ్ 1740 నాటికే పట్టేశాడు, కానీ ఆయన్ని పిలిస్తే రెండు మైకులూ మూగబోతాయి.

భక్తుణ్ణి ఓడించాలన్న ఆత్రంలో నాస్తికుడు తవ్వుకునే గొయ్యి ఇంకోటుంది. దాని లోతు చెప్పుకోదగ్గది. 2015లో ఆరు దేశాల్లో వెయ్యిమందికి పైగా పిల్లలకు స్టిక్కర్లిచ్చి, పక్కవాళ్లకు ఎన్ని పంచుతారో లెక్కవేశారు. భక్తిపరుల పిల్లలు తక్కువ పంచారని ఫలితం. ప్రపంచమంతా మారుమోగింది. తర్వాత వేరే పరిశోధకులు అంకెలు తిరగేస్తే తేలిందేమిటంటే, దేశాలకు గుర్తుగా అమెరికా 1, కెనడా 2 అంటూ నంబర్లిచ్చి, గణనలో వాటిని నిజం పరిమాణాలుగానే లెక్కగట్టారు. అంటే కెనడా అమెరికాకు రెట్టింపు అన్నమాట. దేనికి రెట్టింపో అడక్కండి. తప్పు దిద్దితే ఆ తేడా చాలామటుకు ఆయా దేశాలదే తప్ప భక్తిది కాదని తేలింది. 2019లో వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకున్న వార్త మాత్రం మారుమోగలేదు. దాన్ని ఇప్పటికీ సభల్లో ఉటంకిస్తూనే ఉన్నారు. తనకు నచ్చిన మాటను సరిచూడకుండా నమ్మడాన్ని విశ్వాసం అంటారని ఆ వక్తే పది నిమిషాల ముందు నిర్వచించి ఉంటాడు.

జ్ఞానాన్వేషణ ప్రస్తావన ముగింపు ప్రసంగంలో తప్పనిసరి. అన్వేషణ అనే మాటనే వాడండి. జ్ఞానం వెతుకుతున్నంతసేపు గౌరవం. దొరికిందంటే వెంటనే పని చెబుతుంది.

చివరిగా వక్తలను రప్పించే విషయం. దీనికి ప్రిన్స్‌టన్‌లో మతగురువులుగా శిక్షణ పొందుతున్న 40 మందిపై డార్లీ, బాట్సన్ చేసిన ప్రయోగం (ప్రచురణ 1973) మనకు శిరోధార్యం. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయాలి. కొందరికిచ్చిన అంశం, దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి బైబిలు కథ. దారిలో తలుపు దగ్గర ఒకతను కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు. ప్రసంగాంశం ఏదైనా ఆగేవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. భక్తి ఏ తరహాదన్నది కూడా ఆగడాన్ని నిర్ణయించలేదు. తేడా తెచ్చింది తొందర. తీరిక ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయిందని తరిమినవాళ్లలో 10 శాతం. సమరయుడి గురించి మాట్లాడటానికి వెళుతూ అతణ్ణి దాటుకుని అడుగేసినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి వక్తలిద్దరికీ బయల్దేరే ముందు ఫోన్ చేసి, ‘అయ్యా, ఇప్పటికే ఆలస్యమైంది’ అని చెప్పండి. నిదానంగా రండి అన్నారంటే, పదిమందిలో ఆరుగురు దారిలోనే ఆగిపోతారు. వేదిక మీద కుర్చీలు ఖాళీగా ఉంటాయి.